తొంభై రోజులకోసారి చిరునామా చెప్పాల్సిందే

థాయ్‌లాండ్‌లో నివసించే విదేశీయులకు తప్పనిసరి నిబంధన
స్వయంగా వెళ్లినా, తపాలాలో పంపినా రసీదే రక్ష

ఉద్యోగం, వ్యాపారం, బోధన, పదవీ విరమణానంతర జీవనం... కారణం ఏదైనా థాయ్‌లాండ్‌లో దీర్ఘకాలం నివసించే విదేశీయుడు ప్రతి 90 రోజులకు ఒకసారి తాను ఎక్కడ ఉంటున్నదీ అక్కడి ఇమిగ్రేషన్‌ విభాగానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఇల్లు మారినా, మారకపోయినా ఈ బాధ్యత తప్పదు. పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న వ్యక్తి కూడా ఏడాదికి నాలుగుసార్లు అదే చిరునామాను మళ్లీ రాసి ఇవ్వాల్సిందే. థాయ్‌ భాషలో దీనిని 'రాయ్‌ంగాన్‌ తువా' అని వ్యవహరిస్తారు. తన ఉనికిని తానే నివేదించుకోవడం అని దాని భావం.

ఈ నివేదనకు రుసుము లేదు. పత్రం ఒక్కటే. అయినా కొత్తగా వెళ్లినవారు తరచూ పొరబడేది ఇక్కడే. ఏడాది పాటు ఉండేందుకు అనుమతి ముద్ర పడింది కదా, మళ్లీ ఏడాది వరకు కార్యాలయం గడప తొక్కనక్కర్లేదనుకుంటారు. మూడు నెలలు తిరిగేసరికి గడువు దాటిపోతుంది. తెలుగు జిల్లాల నుంచి ఉపాధి కోసం ఆ దేశానికి వెళ్లేవారు, వారిని పంపే కుటుంబ సభ్యులు ఈ నిబంధన గురించి ముందుగానే తెలుసుకోవడం అవసరం.

వీసా వేరు... నివేదన వేరు

థాయ్‌లాండ్‌లో ఉండే విదేశీయుడికి సంబంధించి మూడు వేర్వేరు తేదీలు ఉంటాయి. వీసా చెల్లుబాటు తేదీ మొదటిది. దేశంలోకి ప్రవేశించాక ఎంతకాలం ఉండవచ్చో తెలిపే అనుమతి గడువు రెండోది. చిరునామా నివేదించాల్సిన తేదీ మూడోది. ఈ మూడింటికీ ఒకదానితో మరొకదానికి పోలిక లేదు. 90 రోజుల నివేదన సమర్పించినంత మాత్రాన ఉండేందుకు అనుమతి ఒక్క రోజు కూడా పెరగదు. అలాగే అనుమతి గడువు ఇంకా మిగిలి ఉందన్న కారణంతో నివేదన నుంచి మినహాయింపు రాదు.

మొదటిసారి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఉండే గడువు పొడిగించాలని విదేశీయుడు మొట్టమొదట చేసుకునే దరఖాస్తును 90 రోజుల నివేదనతో సమానంగా పరిగణిస్తారు. ఆ తర్వాత నుంచి మాత్రం ప్రతి 90 రోజులకు విడిగా నివేదించాలి. మొదటిసారి పని ఇట్టే పూర్తయిందన్న భరోసాతో రెండోసారి ఏమరపాటు పడేవారున్నారు.

భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్నా ఈ బాధ్యత తీరదు. రాయబార కార్యాలయంలో నమోదు ఆపద సమయంలో సొంత దేశం సాయం అందుకోవడానికి ఉపయోగపడుతుంది. 90 రోజుల నివేదన ఆతిథ్య దేశపు చట్టానికి చెందినది. అదేవిధంగా కార్మిక శాఖ ఇచ్చే పని అనుమతి పత్రం చేతిలో ఉన్నా ఇమిగ్రేషన్‌ విభాగానికి చిరునామా తెలియజేయక తప్పదు.

చట్టం ఏం చెబుతోంది?

థాయ్‌లాండ్‌లో తొలి ఇమిగ్రేషన్‌ చట్టం 1927లో వచ్చింది. ప్రస్తుతం అమల్లో ఉన్నది 1979 నాటి చట్టం. థాయ్‌ లెక్క ప్రకారం అది బౌద్ధ శకం 2522వ సంవత్సరం. అప్పట్లో జనరల్‌ క్రియాంగ్‌సాక్‌ చమనాన్‌ ప్రధానిగా ఉన్నారు. పొరుగున ఉన్న వియత్నాం, కంబోడియా, లావోస్‌లలో యుద్ధాలు, ప్రభుత్వ మార్పుల కారణంగా శరణార్థులు పెద్దఎత్తున థాయ్‌ సరిహద్దులు దాటి వస్తున్న రోజులవి.

ఈ చట్టంలోని 37వ సెక్షన్‌ తాత్కాలిక అనుమతితో ఉండే విదేశీయుల విధులను పేర్కొంటుంది. అనుమతి లేకుండా వృత్తి, ఉద్యోగం చేయరాదు. అధికారికి చెప్పిన చోటే నివసించాలి. నివాసం మారితే 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయాలి. 90 రోజులకు మించి దేశంలో ఉంటే తాను ఉంటున్న చోటును ఇమిగ్రేషన్‌ విభాగానికి లిఖితపూర్వకంగా తెలపాలి. ఆ తర్వాత ప్రతి 90 రోజులకు అదే విధంగా చేయాలి. దేశంలో తాత్కాలికంగా ఉంటున్న ప్రతి విదేశీయుడి ప్రస్తుత నివాసం ప్రభుత్వానికి తెలిసి ఉండాలన్నదే ఈ నిబంధన సారాంశం.

ఇందుకు వాడే నమూనా పత్రం పేరు టీఎం 47. ఇమిగ్రేషన్‌ విభాగానికి థాయ్‌ భాషలో ఉన్న పేరు 'త్రువత్‌ ఖోన్‌ ఖావ్‌ మువాంగ్‌'. దాని సంక్షిప్త రూపమే పత్రాలపై కనిపించే ఈ రెండక్షరాలు. గడువు పొడిగింపునకు టీఎం 7, తిరిగి ప్రవేశించే అనుమతికి టీఎం 8, ఇంటి యజమాని ఇచ్చే సమాచారానికి టీఎం 30 పత్రాలు ఉన్నాయి. అంకె మారితే పని మారుతుంది. ఒకదాని బదులు మరొకటి ఇస్తే చెల్లదు.

ఎవరికి వర్తిస్తుంది?

కొద్దివారాల విహారానికి వెళ్లే పర్యాటకులకు ఈ నిబంధనతో పని ఉండదు. వరుసగా 90 రోజులకు మించి దేశంలోనే ఉండేవారికే ఇది వర్తిస్తుంది. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, వారి కుటుంబ సభ్యులు, పదవీ విరమణ వీసాపై ఉండేవారు దీని పరిధిలోకి వస్తారు. దూరం నుంచి కంప్యూటర్‌పై పనిచేసుకునేవారి కోసం 2024 జులైలో ప్రవేశపెట్టిన ఐదేళ్ల వీసాపై ఒక్కో ప్రవేశానికి 180 రోజులు ఉండవచ్చు. ఆ వీసాపై వెళ్లి 90 రోజులు దాటినవారు కూడా చిరునామా నివేదించాలి.

శాశ్వత నివాస హోదా పొందినవారికి ఇది వర్తించదు. నిపుణులు, పెట్టుబడిదారుల కోసం 2018లో తెచ్చిన స్మార్ట్‌ వీసాదారులకు ఏడాదికి ఒకసారి నివేదిస్తే చాలన్న వెసులుబాటు ఇచ్చారు. 2022 సెప్టెంబరు 1 నుంచి మొదలైన దీర్ఘకాలిక నివాస వీసాకు కూడా ఇదే పద్ధతిని వర్తింపజేశారు. అధికాదాయ వర్గాలకు, ప్రత్యేక నైపుణ్యం గలవారికి ఉద్దేశించిన ఈ వీసాలు సాధారణ ఉద్యోగికి అందుబాటులో ఉండేవి కావు. మామూలు ఉద్యోగ వీసాపై వెళ్లినవారు 90 రోజుల లెక్కనే పాటించాలి.

రోజుల లెక్క ఇలా...

దేశంలో అడుగుపెట్టిన రోజును ఒకటో రోజుగా తీసుకోవాలి. ఉదాహరణకు జనవరి 1న బ్యాంకాక్‌ చేరుకున్న వ్యక్తికి, అది లీపు సంవత్సరం కాకపోతే, మార్చి 31 నాటికి 90 రోజులు పూర్తవుతాయి. గడువు తేదీకి 15 రోజుల ముందు నుంచి, గడువు దాటిన 7 రోజుల వరకు ఎలాంటి జరిమానా లేకుండా నివేదన స్వీకరిస్తారు. అంటే పై ఉదాహరణలో మార్చి 16 నుంచి ఏప్రిల్‌ 7 వరకు అవకాశం ఉంటుంది.

నెలల లెక్కన చూస్తే పొరపాటు జరుగుతుంది. మూడు నెలలంటే 90 రోజులు కావు. ఒకోసారి 92 రోజులు కూడా అవుతాయి. 'ఒకటో తేదీన వెళ్లాం, మళ్లీ మూడు నెలలకు ఒకటో తేదీన వెళదాం' అనుకుంటే ప్రతి దఫా ఒకటి రెండు రోజులు కలిసి ఏడు రోజుల వెసులుబాటు కరిగిపోతుంది. నివేదన స్వీకరించాక ఇచ్చే చీటీపై తదుపరి తేదీ ఉంటుంది. సొంత లెక్క కన్నా ఆ తేదీనే ప్రమాణంగా తీసుకోవాలి.

ఆ తేదీని చదవడంలోనూ ఒక చిక్కు ఉంది. థాయ్‌ అధికారిక పత్రాల్లో బౌద్ధ శకాన్ని వాడతారు. మన సంవత్సరానికి 543 కలిపితే అది వస్తుంది. ముద్రలో 2569 అని కనిపిస్తే 2026 అని అర్థం చేసుకోవాలి.

స్వయంగా వెళితే

నివాసం ఏ ప్రాంతంలో ఉందో ఆ ప్రాంతపు ఇమిగ్రేషన్‌ కార్యాలయానికే వెళ్లాలి. బ్యాంకాక్‌లో ఉండేవారు నగరానికి ఉత్తరాన చేంగ్‌ వత్తన రోడ్డులోని ప్రభుత్వ కార్యాలయాల సముదాయంలో ఉన్న మొదటి డివిజన్‌ కార్యాలయాన్ని సంప్రదించాలి. 2009 వరకు ఈ పని నగరం నడిబొడ్డున సాతోర్న్‌ ప్రాంతంలోని సువాన్‌ ప్లూ కార్యాలయంలో జరిగేది. పట్టాయా, ఫుకెట్‌, చియాంగ్‌ మాయ్‌ తదితర చోట్ల నివసించేవారికి అక్కడి కార్యాలయాలు ఉన్నాయి.

పూర్తిచేసి సంతకం చేసిన టీఎం 47 పత్రం, అసలు పాస్‌పోర్టు, అంతకుముందు ఇచ్చిన చీటీ వెంట ఉండాలి. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, చివరిసారి దేశంలోకి వచ్చిన ముద్ర ఉన్న పేజీ, గడువు పొడిగింపు ముద్ర ఉన్న పేజీల నకళ్లు దగ్గర ఉంచుకుంటే మళ్లీ జిరాక్సు దుకాణం వెతుక్కునే బాధ తప్పుతుంది. కౌంటరులో పత్రం పరిశీలించి, తదుపరి తేదీ వేసి, కింది భాగం చించి పాస్‌పోర్టుకు జతచేసి ఇస్తారు. ఆ చిన్న కాగితమే నివేదన పూర్తయిందనడానికి రుజువు.

విదేశీయుడు తానే రావాలన్న పట్టింపు లేదు. మరొకరికి అప్పగించి కూడా పత్రం సమర్పించవచ్చు. కొన్ని సంస్థలు తమ ఉద్యోగులందరి పత్రాలను ఒకే ప్రతినిధి ద్వారా పంపుతుంటాయి. అయితే సంస్థ మరిచిపోయినా చట్టం ముందు బాధ్యుడు విదేశీయుడే. తన తేదీ తాను గుర్తుంచుకుని, పని పూర్తయ్యాక చీటీని చూసుకోవడం మంచిది.

పత్రంలో చిరునామా రాసేటప్పుడు థాయ్‌ పద్ధతిని తెలుసుకోవాలి. ఇంటి సంఖ్య, గ్రామ సంఖ్య, సందు పేరు, ఆ తర్వాత ఉప జిల్లా, జిల్లా, రాష్ట్రం వంటి 'చంగ్‌వత్‌' వరుసగా వస్తాయి. బ్యాంకాక్‌లో ఉప జిల్లాను 'ఖ్వేంగ్‌' అని, జిల్లాను 'ఖేత్‌' అని అంటారు. మిగతా ప్రాంతాల్లో అవే 'తంబోన్‌', 'అంఫో' అవుతాయి. అపార్టుమెంటు పేరు, గది సంఖ్య రాసి ఊరుకుంటే సరిపోదు. ఇంటి యజమాని దగ్గర ఉండే నీలిరంగు గృహ నమోదు పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు రాసుకోవడం శ్రేయస్కరం.

తపాలా ద్వారా...

కార్యాలయం దూరమైనవారికి, సెలవు దొరకనివారికి తపాలా మార్గం ఉంది. గడువు తేదీకి కనీసం 15 రోజుల ముందే రిజిస్టరు తపాలాలో పంపాలన్నది నిబంధన. సాధారణ తపాలాలో పంపితే చేరిందనడానికి ఆధారం ఉండదు. కవరులో ఇవి ఉండాలి:

- పూర్తిచేసి సంతకం చేసిన టీఎం 47 పత్రం
- పాస్‌పోర్టులో ఫొటో పేజీ, వీసా పేజీ, చివరి ప్రవేశ ముద్ర, తాజా పొడిగింపు ముద్ర ఉన్న పేజీల నకళ్లు
- అంతకుముందు నివేదించినప్పుడు ఇచ్చిన చీటీ
- సొంత చిరునామా రాసి, తపాలా బిళ్ల అతికించిన తిరుగు కవరు

అసలు పాస్‌పోర్టు పంపకూడదు. అడిగేది నకళ్లే. గతంలో వీటితో పాటు టీఎం 6 అనే రాకపోకల కార్డు నకలు కూడా పంపేవారు. విమానంలో వచ్చేవారికి 2022లో ఆ కార్డును నిలిపివేశారు. 2025 మే 1 నుంచి దాని స్థానంలో ప్రయాణానికి ముందే కంప్యూటరులో పూర్తిచేసే డిజిటల్‌ రాక కార్డు వచ్చింది. అందువల్ల పాత సూచనల పట్టీ చూసి లేని కార్డు కోసం వెతకనవసరం లేదు.

తపాలా మార్గంలో ఉన్న కష్టమంతా ఎదురుచూపులోనే ఉంది. కవరు చేరిందో లేదో, చేరినా నకళ్లలో లోపం ఉందో లేదో తిరుగు కవరు వచ్చేవరకు తెలియదు. ఇక్కడే రోజుల లెక్క అక్కరకు వస్తుంది. పై ఉదాహరణలో మార్చి 31 గడువు ఉన్న వ్యక్తి మార్చి 16లోపు కవరు పంపాడనుకుంటే, ఏప్రిల్‌ 7 వరకు అతని చేతిలో మూడు వారాలకు పైగా సమయం ఉంటుంది. గడువు తేదీ వచ్చినా చీటీ తిరిగి రాకపోతే తపాలా రసీదు, పంపిన పత్రాల నకళ్లు తీసుకుని మిగిలిన ఏడు రోజుల్లో స్వయంగా కార్యాలయానికి వెళ్లవచ్చు. ఆఖరి నిమిషంలో కవరు పంపినవారికి ఈ అవకాశం ఉండదు.

కాబట్టి కవరు అంటించే ముందు ప్రతి కాగితానికీ ఒక నకలు ఇంట్లో ఉంచుకోవాలి. తపాలా కార్యాలయం ఇచ్చిన రసీదును కొత్త చీటీ చేతికి వచ్చేవరకు పారేయరాదు. గడువు ఇప్పటికే దాటినవారికి తపాలా మార్గం పనికిరాదు. వారు స్వయంగా వెళ్లి జరిమానా చెల్లించాలి. ప్రాంతీయ కార్యాలయానికి పంపదలచినవారు తపాలా నివేదనలు స్వీకరిస్తారా అన్నది ముందుగా అడిగి తెలుసుకోవాలి.

ఆన్‌లైన్‌లోనూ అవకాశం

2015 ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌ పద్ధతిని కూడా ప్రవేశపెట్టారు. మొదట్లో అది ఒకే రకం బ్రౌజరులో పనిచేయడం, మధ్యలో నిలిచిపోవడం వంటి ఇబ్బందులతో విమర్శలకు గురైంది. తర్వాత కొత్త రూపం ఇచ్చారు. గడువుకు 15 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆమోదం లభిస్తే ముద్రించుకోదగిన చీటీ వస్తుంది.

దరఖాస్తు పంపడమే నివేదన కాదన్నది గుర్తుంచుకోవాలి. పరిశీలనలో ఉంది, ఆమోదించారు, తిరస్కరించారు అని మూడు స్థితులు చూపుతారు. పంపేసి మరిచిపోయినవారికి తిరస్కరణ సమాచారం ఆలస్యంగా కంటపడితే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. చివరి వారం వరకు ఆగకుండా ముందుగానే పంపితే, తిరస్కరించినా స్వయంగా వెళ్లేందుకు సమయం మిగులుతుంది. పాస్‌పోర్టు మారినవారు కొత్త పాస్‌పోర్టుపై తొలి నివేదనను కార్యాలయానికి వెళ్లి ఇవ్వాలి.

ఇంటి యజమానికీ బాధ్యత

చిరునామా చెప్పే బాధ్యత విదేశీయుడిదే కాదు. అదే చట్టంలోని 38వ సెక్షన్‌ ప్రకారం విదేశీయుడు బస చేసిన ఇంటి యజమాని లేదా హోటలు నిర్వాహకుడు 24 గంటల్లోగా ఆ సమాచారాన్ని అధికారులకు ఇవ్వాలి. టీఎం 30 పత్రం దీనికోసమే. ఇవ్వని ఇంటి యజమానికి 2 వేల బాత్‌ వరకు, హోటలు నిర్వాహకుడికి 2 వేల నుంచి 10 వేల బాత్‌ వరకు జరిమానా విధించవచ్చు.

యజమాని చేసిన జాప్యం అద్దెదారుకు చుట్టుకునే సందర్భాలు ఉంటాయి. 90 రోజుల నివేదనకో, గడువు పొడిగింపునకో వెళ్లినప్పుడు ఆ చిరునామాపై టీఎం 30 నమోదైందా అని కౌంటరులో అడగవచ్చు. నమోదు కాకపోతే ముందు ఆ పని ముగించుకు రమ్మంటారు. అందువల్ల అద్దె ఎంత, బయానా ఎంత అని మాట్లాడుకునే రోజునే టీఎం 30 ఇస్తారా అని కూడా యజమానిని అడిగి ఒప్పించుకోవాలి. ఆ నమోదు రసీదు నకలు తీసుకుని భద్రపరచుకోవాలి.

ఆలస్యమైతే ఏమవుతుంది?

నివేదన ఇవ్వనివారికి 5 వేల బాత్‌ వరకు, ఇచ్చేవరకు రోజుకు 200 బాత్‌ వరకు జరిమానా విధించేందుకు చట్టంలోని 76వ సెక్షన్‌ వీలు కల్పిస్తోంది. ఆలస్యమైనా తనంతట తాను వచ్చినవారి నుంచి 2 వేల బాత్‌ వసూలు చేయడం ఆనవాయితీ. తనిఖీల్లో పట్టుబడితే మొత్తం అంతకన్నా ఎక్కువగా ఉంటుంది. తప్పు జరిగిందని గ్రహించిన వెంటనే స్వయంగా వెళ్లడం లాభదాయకం.

నివేదన ఆలస్యం కావడం, అనుమతి గడువు దాటి దేశంలో ఉండిపోవడం ఒకటి కావు. ఈ తేడా తెలియక భయపడేవారు కొందరైతే, రెండోదాన్ని తేలిగ్గా తీసుకునేవారు మరికొందరు. నివేదన ఆలస్యమైతే ఉండే అనుమతి రద్దు కాదు. జరిమానా చెల్లించి దిద్దుకోవచ్చు. అనుమతి గడువు దాటితే మాత్రం రోజుకు 500 బాత్‌ వంతున గరిష్ఠంగా 20 వేల బాత్‌ జరిమానా పడుతుంది. 2016 మార్చి 20 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం 90 రోజులకు మించి అక్రమంగా ఉండి తమంతట తామే బయటపడినవారిని ఏడాది పాటు, అంతకు మించి ఉన్నవారిని కాలాన్ని బట్టి 3, 5, 10 ఏళ్ల పాటు మళ్లీ దేశంలోకి రానివ్వరు. పట్టుబడినవారికి అక్రమ నివాసం ఏడాదిలోపైనా ఐదేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు నిషేధం తప్పదు.

ఈ రెండు గడువులనూ కలిపి ఒకటిగా భావించేవారికే అసలు ప్రమాదం. నివేదన చీటీపై మూడు నెలల తర్వాతి తేదీ ఉంది కదా అని అంతవరకు ఉండవచ్చనుకుంటే, ఈలోగా పాస్‌పోర్టులోని అనుమతి గడువు ముగిసిపోవచ్చు. చీటీ ఉండేందుకు అనుమతి కాదు. ఎక్కడ ఉన్నదీ చెప్పినట్లు రుజువు మాత్రమే.

పండుగకు ఊరొచ్చి వెళితే

సంక్రాంతికో, ఇంట్లో శుభకార్యానికో స్వదేశం వచ్చి తిరిగి వెళ్లినవారికి 90 రోజుల లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. పాత చీటీపై ఉన్న తేదీని పట్టించుకోనక్కర్లేదు. చివరిసారి ప్రవేశించిన ముద్ర తేదీ నుంచి లెక్కించుకోవాలి. ఒక్క రోజు పొరుగు దేశానికి వెళ్లివచ్చినా ఇదే వర్తిస్తుంది.

ఇక్కడ మరో జాగ్రత్త అవసరం. ఏడాది పొడిగింపు పొందినవారు తిరిగి ప్రవేశించే అనుమతి తీసుకోకుండా దేశం విడిచి వెళితే ఆ పొడిగింపు రద్దవుతుంది. ఈ అనుమతికి ఒకసారికైతే 1,000 బాత్‌, ఎన్నిసార్లయినా వెళ్లిరావాలంటే 3,800 బాత్‌ రుసుము ఉంది. ఇంటి నుంచి కబురు రాగానే ఆదరాబాదరాగా విమానం ఎక్కేవారు దీన్ని మరిస్తే 1,900 బాత్‌ చెల్లించి, పత్రాలన్నీ సమకూర్చుకుని పొందిన పొడిగింపు వృథా అవుతుంది. ఉద్యోగం కోసం తిరిగి వీసా ప్రక్రియ మొదలుపెట్టాల్సి వస్తుంది.

విమర్శలు... సడలింపులు

ఇల్లు మారనివారు కూడా ఏడాదికి నాలుగుసార్లు అదే విషయం చెప్పడం వల్ల ఎవరికి ప్రయోజనమన్న ప్రశ్న అక్కడి విదేశీయుల్లో చాలాకాలంగా ఉంది. 2019లో టీఎం 30 నిబంధనను కఠినంగా అమలు చేసినప్పుడు అసంతృప్తి బాహాటమైంది. మార్చాలని కోరుతూ విదేశీయులు సంతకాలు సేకరించారు. 2020లో కొంత సడలింపు వచ్చింది. తిరిగి ప్రవేశించే అనుమతితో వెళ్లి అదే చిరునామాకు వచ్చినవారి విషయంలో మళ్లీ టీఎం 30 ఇవ్వనవసరం లేదన్నారు. 90 రోజుల నివేదన మాత్రం సాధారణ వీసాదారులకు కొనసాగుతూనే ఉంది.

అమెరికాలో... మన దేశంలో

కాలపరిమితి పెట్టి చిరునామా అడిగే పద్ధతి థాయ్‌లాండ్‌కే పరిమితం కాదు. అమెరికాలో 1940 నాటి విదేశీయుల నమోదు చట్టం కింద తపాలా కార్యాలయాల్లోనే విదేశీయుల పేర్లు నమోదు చేశారు. తర్వాతి దశాబ్దాల్లో ప్రతి జనవరిలో చిరునామా తెలియజేయాలన్న నిబంధన ఉండేది. 1981లో చట్ట సవరణతో ఆ వార్షిక నివేదన రద్దయింది. ఇప్పుడు అక్కడ ఇల్లు మారినప్పుడు మాత్రమే 10 రోజుల్లోగా ఏఆర్‌ 11 పత్రం ద్వారా తెలియజేయాలి. పౌరసత్వం లేని గ్రీన్‌కార్డుదారులకు కూడా ఇది వర్తిస్తుంది. తపాలా శాఖకు కొత్త చిరునామా ఇచ్చినంత మాత్రాన ఈ విధి తీరదు. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఇల్లు మారారని వినగానే ఈ సంగతి ఒక్కసారి గుర్తుచేయవచ్చు.

మన దేశంలోనూ విదేశీయులకు ఇటువంటి విధులున్నాయి. 180 రోజులకు మించిన వీసాపై వచ్చేవారు సాధారణంగా 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు అధికారి వద్ద పేరు నమోదు చేసుకోవాలి. విదేశీయుడికి బస ఇచ్చిన హోటలు గానీ, ఇంటి యజమాని గానీ 24 గంటల్లోగా ఆ సమాచారాన్ని అధికారులకు ఇవ్వాలి. 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్‌, విదేశీయుల చట్టం బస కల్పించేవారితో పాటు విద్యాసంస్థలు, ఆసుపత్రులు కూడా విదేశీయుల సమాచారం ఇవ్వాలని నిర్దేశిస్తోంది. హైదరాబాద్‌, విశాఖపట్నం వంటి నగరాల్లో విదేశీ విద్యార్థులకు గదులు అద్దెకిచ్చేవారు ఈ విషయం గమనించాలి. బ్యాంకాక్‌లో మనవాళ్లు యజమానిని అడగాల్సిన ప్రశ్నే, ఇక్కడ ఆ విద్యార్థి మనల్ని అడగాల్సి ఉంటుంది.

గుర్తుంచుకోవాల్సినవి

- ప్రవేశించిన రోజును ఒకటిగా లెక్కించి 90వ రోజును కేలండరులో గుర్తుపెట్టుకోవాలి. అనుమతి గడువు తేదీని దాని పక్కనే విడిగా రాసుకోవాలి.
- గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత వరకు స్వయంగా నివేదించవచ్చు.
- తపాలాలో అయితే కనీసం 15 రోజుల ముందు రిజిస్టరు చేసి పంపాలి. రసీదు, నకళ్లు దాచుకోవాలి.
- గడువు తేదీకి చీటీ రాకపోతే మిగిలిన వారం రోజుల్లో కార్యాలయానికి వెళ్లాలి.
- ఇల్లు మారినా, పాస్‌పోర్టు మారినా తదుపరి నివేదన దాకా ఆగకుండా ఇమిగ్రేషన్‌ కార్యాలయాన్ని సంప్రదించాలి.
- దేశం విడిచి వెళ్లేముందు తిరిగి ప్రవేశించే అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.
- పాత చీటీలను పారేయకుండా వరుసగా భద్రపరచాలి. పొడిగింపు సమయంలో అవి అక్కరకు వస్తాయి.